మూడో అల్లుడు

మా అత్తమ్మకు ఇద్దరు బిడ్డలు. లెక్క ప్రకారం ఇద్దరే అల్లుళ్ళు ఉండాలి. పెద్దాయన మా తోడల్లుడు, చిన్నవాణ్ణి నేను. నాలుగేళ్ళ కింద దసరాకు మూడోవాడు దిగాడు. హైదరాబాదు నుంచి మెదక్ పక్కనున్న మా అత్తగారి ఊరిదాకా కారు వెనక సీట్లో, నడుముకు బెల్టు పెట్టించుకుని, ఏసీ గాలి తన వైపు తిప్పించుకుని వచ్చాడు. పక్కన మా వదిన చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మోచెయ్యి వాడికి తగలకుండా ఒదిగి ఒదిగి వచ్చింది.

దిగీ దిగగానే మర్యాదలు మొదలయ్యాయి. వాణ్ణి ఎండలో ఉంచకూడదు. దుమ్ములో ఉంచకూడదు. నూనె చేతులతో ముట్టుకోకూడదు. ఏసీలోంచి ఒక్కసారిగా ఉక్కపోతలోకి తెస్తే కన్ను చెమరుస్తుంది కాబట్టి అరగంటసేపు సంచిలోనే పడుకోనివ్వాలి. ఆ తర్వాత మంచం కావాలి, మంచం మీద ఉతికిన దుప్పటి కావాలి. మా తోడల్లుడు ఇవన్నీ ఒక్కొక్కటిగా చెబుతుంటే మా అత్తమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది. చివరికి సంచిలోంచి బయటపడినదాన్ని ఎగాదిగా చూసింది.

"ఏంది బిడ్డా? తుపాకి కొన్నవా?"

"లెన్సు అత్తమ్మా. 200-600. పిట్టల ఫోటోలు తీసేది."

"చింతచెట్టు మీది పిట్టకు గింత పెద్దదా?" అని ఆశ్చర్యపోయి, ఆ దుప్పటి సవరించి, "మీ మామ పెండ్లయిన కొత్తల గిట్లనే ఉండె. ఎండల కూసోడు, కింద కూసోడు. ఇగ వీడు నాకు మూడో అల్లుడు" అని తేల్చేసింది. మా మామ ఏమీ అనకుండా మంచం మీంచి లేచి చోటిచ్చాడు. ఆయన మాట్లాడడు. ఇద్దరు బిడ్డల పెళ్ళిళ్ళు చేశాక మాటలు కూడా ఖర్చు కిందే రాసుకుంటున్నట్టుంటాడు.

ఇలాంటి అల్లుడు ఇప్పుడు చాలా ఇళ్ళకు వచ్చాడు. వచ్చే దారి కూడా దాదాపు ఒక్కటే. మనిషికి నలభై అయిదు దాటుతాయి, ఇంటి అప్పు సగం తీరుతుంది, రక్తంలో చక్కెర బయటపడుతుంది, డాక్టరు పొద్దున్నే నడవమంటాడు. మా తోడల్లుడు ఆ నడకకు అమీన్‌పూర్ చెరువును ఎంచుకున్నాడు. నగరంలో ఉన్న చెరువుకు జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు, 2016లో. చలికాలంలో అక్కడికి రాజహంసలు కూడా వచ్చి పోతుంటాయి. ఆయనకు ఇదేమీ తెలియదు. ఆ వైపు కుక్కలు తక్కువని వెళ్ళాడు. మూడో రోజు ఫోనుతో ఒక కొంగను తీస్తే ఫోటోలో అది నువ్వుగింజంత వచ్చింది. ఇంకొకరైతే కొంగ దూరంగా ఉందనుకుంటారు. ఆయన తన దగ్గరే ఏదో తక్కువుందనుకున్నాడు. ఆ రోజుతో నడక ఆగిపోయింది. చక్కెర అలాగే ఉంది.

మొదట కెమెరాతో పాటు వచ్చిన చిన్న లెన్సు ఉండేది. అది ఇల్లరికపు అల్లుడు. పుట్టినరోజులకూ సత్యనారాయణ వ్రతాలకూ అన్ని పనులూ అదే చేసేది, దానికి సంచి కూడా ఉండేది కాదు. తర్వాత 70-300 వచ్చింది, ఏడాది కాపురం చేసి పోయింది. ఆ తర్వాత ఈయన. బరువు 2 కిలోల 100 గ్రాములు, ఖరీదు లక్షన్నర పైన. వదినకు మాత్రం మా తోడల్లుడు డెబ్బై వేలని చెప్పాడు. నిజం నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. నాలుగేళ్ళుగా ఆ మూడు కాళ్ళ స్టాండును నేనెందుకు మోస్తున్నానని ఎవరూ అడగకండి. మోస్తున్నది నేను, భయపడుతున్నది ఆయన, అంతే తేడా.

లెన్సు కొనడం పెళ్ళి ఖర్చు. అది ఎలాగో తట్టుకోవచ్చు. అసలు సంగతి ఆ తర్వాత వచ్చే పండగలది.

ముందు బట్టలు పెట్టాలి. ఎండుటాకుల రంగు డిజైనుతో రబ్బరు గుడ్డ చొక్కా, ఏ ముక్కకు ఆ ముక్క కొలతలు తీసి కుట్టింది. పిట్టలకు కనిపించకుండా ఉండటానికట. ఆ చొక్కా తొడిగిన లెన్సును, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న మనిషి, తెల్లటి కారుకు ఆనుకుని పట్టుకుంటాడు. మనకంటే పిట్టలకే రంగులు బాగా కనిపిస్తాయని నేనొకసారి చదివినది చెప్పాను. "అన్నీ చదవొద్దు" అన్నాడు.

తర్వాత కాలు. లెన్సుతో వచ్చిన కాలు పనికిరాదట, స్టాండు మీద నేరుగా కూర్చోదట. దాన్ని ఊడదీసి కొత్త కాలు పెట్టించాడు. తర్వాత ఉయ్యాల. దాన్ని గింబల్ హెడ్ అంటారు. లెన్సును దాని బరువు మధ్యలో పట్టి వేలాడదీస్తుంది, అటూ ఇటూ చిటికెన వేలితో తిప్పొచ్చు. ఇది మాత్రం నిజంగా ముచ్చటైన వస్తువు. సరిగ్గా బరువు తూచి పెడితే లెన్సును ఏ వైపు వదిలితే ఆ వైపే నిలబడుతుంది. మా చిన్నదాన్ని ఊపిన ఉయ్యాల కూడా ఇంత మెత్తగా ఊగలేదు. ఉయ్యాల వచ్చింది కాబట్టి పాత స్టాండు పనికిరాలేదు, కార్బన్ ఫైబరుది వచ్చింది. అది తేలిక కాబట్టి గాలికి కదలకుండా మధ్యలో ఉన్న కొక్కేనికి బరువు తగిలించాలి. తేలిక స్టాండుకు పెట్టిన డబ్బు, దాన్ని బరువు చెయ్యడానికి మోసిన ఇటుకలు, రెండూ నాకు తెలుసు. రెండోవి నా సంచిలోనే ఉండేవి.

వానకు గొడుగు బట్ట కొన్నాడు. అది ఇంట్లో మర్చిపోయినప్పుడు హోటలు స్నానాలగదిలో ఇచ్చే ప్లాస్టిక్ టోపీ తొడిగాడు. ఆ అవతారంలో మా మూడో అల్లుడు అభ్యంగన స్నానానికి కూర్చున్నట్టు ఉన్నాడు.

అన్నిటికంటే నాకు నచ్చనిది ఆ 1.4ఎక్స్ కన్వర్టరు. లెన్సుకూ కెమెరాకూ మధ్యలో దూరే అరచేతంత గాజుముక్క. 600 పోయి 840 అవుతుంది, పిట్ట ఇంకా దగ్గరికి వస్తుంది. కానీ లోపలికి వచ్చే వెలుతురులో సగం ఇదే తినేస్తుంది. 6.3 దగ్గర ఉండే ఎపర్చరు 9కి పడిపోతుంది. అల్లుడి వెంట వచ్చిన తమ్ముడి బాపతు ఇది. పిలవకపోయినా వస్తాడు, పళ్ళెంలో సగం లాగేస్తాడు, వదినగారి వంట చప్పగా ఉందంటాడు. ఇలాంటిదే రెండింతలు చేసేది ఇంకొకటుంది, అది ముప్పాతిక వంతు తింటుంది. దాని మీద కూడా ఆయనకు కన్నుంది.

ఇక నివాసం. లెన్సు లోపల తేమ చేరితే గాజు మీద బూజు పడుతుంది, తెల్లటి సాలెగూడులాగా. అందుకని గాజు తలుపు ఉన్న కరెంటు డబ్బా ఒకటి పడకగదిలో వెలసింది. లోపల తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉండాలి. పొద్దున లేవగానే మా తోడల్లుడు దేవుడికి దండం పెట్టడం మానేసి దాని ముందు నిలబడి అంకె చూస్తాడు. కిందటి ఏడు వానాకాలంలో అత్తమ్మ పట్నం వచ్చినప్పుడు ఆ డబ్బా గురించి అడిగింది. తడి, తేమ, బూజు అని ఆయన చెబుతుంటే, ఇంతకాలంలో మొదటిసారి ఆమెకు లెన్సు అర్థమైంది.

"గట్ల చెప్పు. మా తొక్కు జాడీ లెక్కనే. తడి చెయ్యి తాకిందా, బూజు వడ్తది. మూత సుట్టు బట్ట కట్టుర్రి."

ఆమె లెక్కలో వాడికి గౌరవం ఆ రోజే పెరిగింది. తొక్కుతో సమానంగా చూడటమంటే మా అత్తగారింట్లో చిన్న విషయం కాదు. నాకు ఇప్పటికీ ఆ హోదా రాలేదు.

కొత్తలో అపార్టుమెంటులో ఒక గొడవ జరిగింది. లెన్సు ఎంత పదునుగా ఉందో చూడాలంటే కదలని వస్తువేదైనా కావాలి. బాల్కనీలోంచి ఎదురు బిల్డింగులో ఒక వంటింటి గోడకున్న క్యాలెండరు కనిపించింది. దాని మీద గురి పెట్టి రాహుకాలం, వర్జ్యం కూడా చదివాడు. అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం ఆ ఇంటాయన లిఫ్టు దగ్గర కలిస్తే, "సార్, పద్నాలుగో తారీఖు గ్యాస్ బుక్ చెయ్యాలని రాసుకున్నరు, మర్చిపోయినట్టున్నరు" అని మంచికే గుర్తుచేశాడు. కమిటీ మీటింగు పెట్టారు. లెన్సు ఆకాశం వైపే చూస్తుందని మా తోడల్లుడు కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. సాక్షి సంతకం నాది.

అమీన్‌పూర్ చెరువు గట్టు మీద ఆదివారం తెల్లవారుజామున అల్లుళ్ళ సభ జరుగుతుంది. పదిహేను ఇరవై మంది వస్తారు. నమస్కారాలు ఉండవు. ముందు ఒకరి లెన్సు ఒకరు చూసుకుంటారు, తర్వాత ముఖాలు. "ఎంత?" అంటే వయసూ కాదు, జీతమూ కాదు, ఎన్ని మిల్లీమీటర్లని. 300 వాళ్ళు వెనక నిలబడతారు. 600 వాళ్ళు ముందు. ఒక ఆదివారం ఎవరో ఒకాయన 600 ఎఫ్‌4 పట్టుకొచ్చాడు. అది జూమ్ కాదు, పుట్టుకతోనే 600. మూడు కిలోల పైన బరువు, పది లక్షలకు పైన ధర, ముందు గాజు 150 మిల్లీమీటర్ల వెడల్పు, బిందె మూతంత. గట్టు మీద అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. పెళ్ళిలో అమెరికా అల్లుడు దిగినప్పుడు అన్నం తింటున్నవాళ్ళు కూడా లేచి నిలబడతారు చూడండి, అట్లా. మా తోడల్లుడు తన లెన్సును చూసుకున్న చూపు నేను మర్చిపోలేను. సర్కారీ నౌకరీ చేసే అల్లుణ్ణి మామలు అట్లా చూస్తారు: మంచోడే, కానీ.

ఆ సభలో పిట్టల ప్రసక్తి తక్కువ. నీళ్ళలో ఏదో దిగుతుంది, ఇరవై లెన్సులు అటు తిరుగుతాయి, టకటకటకమని సెకనుకు ఇరవై ఫోటోల చొప్పున పడతాయి, అది లేచిపోతుంది. అప్పుడు మొదలవుతుంది మాట. "ఎంతలో పెట్టినవ్?" "మూడు వేల రెండు వందల వంతు. ఐఎస్ఓ పదహారు వందలు." "కన్ను పట్టిందా?" ఇప్పటి కెమెరాలు పిట్ట కన్ను ఎక్కడుందో వాటంతట అవే వెతికి పట్టుకుంటాయి. పట్టిందంటే ఆనందం. అది ఏ పిట్ట కన్నో ఎవరూ అడగరు. నేనొకసారి అడిగితే, "సబ్జెక్టు ఏదైనా సెట్టింగు ఒకటే" అని విసుక్కున్నారు. ఇంటికొచ్చాక ఆయన ఫోటోలు అత్తమ్మకు పంపుతాడు. ఆమె ఫోను చేసి, ఇది ఎట్రింత, ఇది లకుముకి, ఇది తీతువు, దీన్ని రాత్రి పూట తలుచుకోవద్దు అని చెబుతుంది. ఫోటో కింద ఆయన రాసుకునే పేర్లన్నీ మా అత్తమ్మ పెట్టినవే. అంకెలు మాత్రం ఆయనవి.

ఎనిమిదిన్నర, తొమ్మిది అయ్యేసరికి సభ ముగుస్తుంది. నీళ్ళ మీద గాలి వేడెక్కి వణుకుతుంది. ఆ వణుకు లెన్సులో పెద్దదై కనిపిస్తుంది, ఈకలు మైనంలాగా కరిగిపోతాయి. ఈ సంగతి తెలియక ఆయన మొదటి ఏడాది లెన్సు పాడైందని రెండుసార్లు షాపుకు తీసుకెళ్ళాడు. తెలిశాక ప్రతి పాడు ఫోటోకూ ఎండదే తప్పంటున్నాడు, తెల్లారి ఆరింటికి తీసినవాటితో సహా.

ఒకరోజు ఒకే కొంగను మూడు వేల ఫోటోలు తీశాడు. లెక్క వేస్తే రెండున్నర నిమిషాల పని. వాటిలోంచి ఒకటి ఎంచుకోవడానికి నాలుగు రాత్రులు పట్టింది. "పెళ్ళిచూపుల్లో నన్ను ఎంతసేపు చూసిండో అడుగు మరిదీ" అంది వదిన నాతో. నేను అడగలేదు.

మొన్నటి చలికాలం మంజీరా కథ చెప్పాలి. కారు కిటికీ మీద లెన్సు కదలకుండా కూర్చోవాలంటే బీన్ బ్యాగ్ అనే సంచి కావాలి. ఖాళీగా అమ్ముతారు, ఏదో ఒక గింజ మనమే నింపుకోవాలి. అంతకుముందు దసరాకు ఆయన ఆ ఖాళీ సంచి తీసి అత్తమ్మ ముందు పెట్టి బియ్యం అడిగాడు. ఆమె సోలతో కొలిచి, ఐదు సోలలు పోసి, మీద ఇంత పసుపు కలిపి, ఎండు ఖర్జూరం కూడా వెయ్యబోయింది.

"ఖర్జూరం ఎందుకత్తమ్మా?"

"ఒడిబియ్యం గదా బిడ్డా. కానీ ఒడిబియ్యం బిడ్డకు పోస్తరు. గిది అల్లుడా, బిడ్డా? ముందుగాల తేల్చు."

పసుపు వద్దంటే వినలేదు. పసుపు కలిపితే పురుగు పట్టదంది. పురుగు పడితే పిట్టలు వాటంతటవే దగ్గరికి వస్తాయి గదా అని వదిన అడ్డొచ్చింది. నవ్వులాటకే అంది గానీ ఆ మాట ఫలించింది.

మంజీరా మొసళ్ళకు పేరు. 1978 నుంచి అభయారణ్యం. మేం ఆ నీళ్ళ దారిలో కారాపి, కిటికీలో ఒడిబియ్యం సంచి, దాని మీద లెన్సు, లెన్సుకు కన్వర్టరు పెట్టుకుని దూరంగా ఒక ఎర్రకాళ్ళ కొంగ కోసం గంటన్నర కూర్చున్నాం. ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చాను. ఈలోగా సంచి కుట్టు ఎక్కడో విడింది. పచ్చటి బియ్యం సన్నటి ధారగా కారు తలుపు పక్కన నేల మీద పడుతోంది, మాకు తెలియదు. పది నిమిషాల్లో గువ్వలు దిగాయి. పిచ్చుకలు దిగాయి. తర్వాత జినువాయిలు ఒక గుంపు. సరిగ్గా కిటికీ కింద, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, మా వైపు చూడను కూడా చూడకుండా ఏరుకు తింటున్నాయి. జినువాయి రొమ్ము మీద చుక్కలు లెక్కపెట్టొచ్చు.

మా తోడల్లుడు లెన్సును కిందికి వంచాడు. అంతా మంచు. ఈ లెన్సుకు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల లోపలున్నది ఏదీ కనిపించదు. కొండ మీది గద్ద రెక్కలో ఈక లెక్కపెడుతుంది, గుమ్మంలో ఉన్నవాళ్ళను గుర్తుపట్టదు. ఆయన సీట్లో వెనక్కి జరిగాడు. నా ఒళ్ళోకి వచ్చాడు. నేను ఎడమ తలుపు తీసుకుని బయటికి ఒరిగాను. అయినా చాలలేదు. చివరికి ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పిట్టల ఫోటోల కోసం నలభై కిలోమీటర్లు వచ్చిన మనిషి, "ఉష్, ఉష్, దూరం పోండి, కొంచెం దూరం పోండి" అని తరిమాడు.

అవి పోయాయి. కొంచెం దూరం కాదు, బాగా దూరం.

అప్పటి నుంచి ఆయనలో ఒక దిగులు మొదలైందని నేను గమనిస్తూనే ఉన్నాను. అది ఎటు తేలిందో మొన్నటి దసరాకు తెలిసింది.

దసరా రోజు పాలపిట్టను చూడాలి. తెలంగాణకు అది రాష్ట్రపక్షి అయ్యిందే ఈ ప్రేమ వల్ల. కొందరు దాన్ని పట్టి పంజరంలో పెట్టి గుడి ముందు డబ్బులకు చూపిస్తారు. అది చట్టం ప్రకారం నేరం, పుణ్యం సంగతి సరేసరి. మా అత్తగారి ఊళ్ళో ఆ అవసరం లేదు. చెలక గట్టున కరెంటు తీగ మీద అది రోజూ కూర్చునేదే. కూర్చున్నప్పుడు గోధుమరంగు రొమ్ముతో సాదాసీదాగా ఉంటుంది. ఎగిరితే చూడాలి, రెక్కలో ఆ నీలం, ఇంకా లోపల ఇంకో నీలం, ఎవరో మూట విప్పి పట్టుచీర దులిపినట్టు.

మధ్యాహ్నం మూడింటికి అంతా చెలకకు బయల్దేరాం. మామ, అత్తమ్మ, వదిన, మా ఆవిడ, పిల్లలు. వెనక స్టాండుతో నేను. ముందు రోజే ఆయన అక్కడ చోటు చూసి, అడుగులు కొలిచి, నేల మీద ముగ్గుతో గుర్తు పెట్టుకున్నాడు. స్టాండు వేసి, ఉయ్యాల బిగించి, కన్వర్టరు తగిలించి, 840 దగ్గర తీగ మీది పిట్టకు గురిపెట్టాడు. లెన్సు మీద ఎర్రచుక్క చూపించే గురిసాధనం కూడా పెట్టాడు, కొత్తది. 600 దగ్గరే లెన్సులో కనిపించే ఆకాశం నాలుగు డిగ్రీలు. చెయ్యి చాచి రెండు మూడు వేళ్ళు కలిపి అడ్డం పెట్టుకుంటే ఎంత మూసుకుంటుందో అంత. 840లో అదీ లేదు. పిట్ట కదిలితే దొరకదు, అందుకే ఎర్రచుక్క. పోయిన నెల దీంతోనే కారులో వెళ్తుంటే చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన సంచి మొత్తం దింపించాడు. అత్తమ్మ మొదటి రోజే అన్నది ఆయనకు కూడా తట్టింది.

"ఎగిరినప్పుడు తీస్త. ఎవరూ కదలొద్దు" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పాలపిట్ట కూడా కదల్లేదు. ఇరవై నిమిషాలు. మా చిన్నది తుమ్మింది. పిట్ట లేచింది.

అది పక్కకు ఎగురుతుందని ఆయన లెక్క. అది నేరుగా మా మీదికే వచ్చింది. తలల పైన, ఇంత ఎత్తులో, రెక్కలు మొత్తం పరిచి, ఆ రెండు నీలాలూ ఎండలో వెలిగిస్తూ, మామ కండువా మీదుగా పోయి వెనక మోదుగుచెట్టులో వాలింది. అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పిల్లలు కేకలు పెట్టారు. నేను స్టాండు కాలు పట్టుకుని ఉన్నాను గానీ తల మాత్రం పైకెత్తాను, అబద్ధమెందుకు. టకటకటక ఆగాక ఆయన లెన్సు నుంచి కన్ను తీసి, "ఏదీ? ఎటు పోయింది?" అన్నాడు.

రాత్రి జమ్మి ఇచ్చిపుచ్చుకోవడాలు, అలాయిబలాయిలు అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచాడు. నూట నలభై రెండు ఫోటోలు. నూట నలభై ఒకటి ఆకాశం. ఒకదాంట్లో కుడి మూలన, తెగిపోయిన నీలం రెక్క.

"అత్తమ్మా, గిది చూసినట్టు లెక్కనా కాదా?"

ఆమె కళ్ళజోడు తెప్పించుకుని, తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "సగం రెక్కున్నది. సగం పుణ్యం అస్తది బిడ్డా. తతిమ్మది వచ్చే దసరాకు."

ఆయన ఫోను తీశాడు. తెర వెలుగులో ముఖం మెరుస్తోంది. మంజీరా దిగులుకు మందు దొరికినట్టుంది.

"దగ్గరికొచ్చే పిట్టలకు వేరే లెన్సుంటది అత్తమ్మా. 70-200. దానికి ఇంకో కెమెరా కావాలె, మెడల ఏసుకుంటే చాలు, స్టాండు గూడ అక్కర్లేదు." నా వైపు తిరిగి, "నీకు బరువు తగ్గుతది" అన్నాడు.

వదిన వంటింట్లోంచి తొంగిచూసింది. మంచం మీద చొక్కా విప్పిన మూడో అల్లుడు ఫ్యాను కింద సేదతీరుతున్నాడు. ఆ మంచం పోయినప్పటి నుంచి గోడవారన చాప మీద పడుకుంటున్న మా మామ మెల్లగా లేచి కూర్చుని, కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. ఆ పండక్కి ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"నాకున్నది ఇద్దరు బిడ్డలే గదా, అల్లుడా."